స్వతోమూల్యము : దాక్షారామ దీపశాసనముల సాక్ష్యము

ఒక వస్తువునకు విలువ కలదన్నప్పుడు ఆ విలువ వస్తువునందే యున్నదా, దానిని కోరువాని బుద్ధియందున్నదా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. కోరువారెవ్వరును లేని లోకమున బంగారమునకు విలువ యుండునా? వరికి నుండునా? తన కొఱకే, మఱియొక ప్రయోజనము నపేక్షింపక, విలువ గల పదార్థ మీ విశ్వమున నొక్కటి యైనను కలదా? ఇట్టి విలువను స్వతోమూల్యమనియు, మఱియొకదానికి సాధనమగుటచే వచ్చిన విలువను పరతోమూల్యమనియు వ్యవహరింతము. ప్రామాణ్యవిషయమున మన శాస్త్రకారులు స్వతః పరతః అని విభజించిన పద్ధతియే యిది.

గోదావరీ మండలమునందలి శిలాశాసనములు దర్శనగ్రంథములు కావు. వానిని చెక్కించినవారు రాజులు, రాణులు, దండనాథులు, వర్తకులు. అయినను వారు చేసిన యేర్పాటులయందు ఈ ప్రశ్నకు ఆచరణరూపమైన సమాధాన మొకటి యిమిడి యున్నది. దానిని వెలికిఁ దీయుట యీ వ్యాసమున కుద్దేశము. ముందుగా శబ్దమును, పిదప శాసనములను, తుదకు సిద్ధాంతమును విచారింతము.

శబ్దవిచారము

మూల్యశబ్దమును పాణిని తన యష్టాధ్యాయి నాల్గవ యధ్యాయమున రెండు సూత్రములలో సాధించెను. మొదటిదానివలన మూల్యమనఁగా వేరుతోఁ బెఱుకఁదగినదని యర్థము. పెసలు, మినుములు దీనికుదాహరణములు. రెండవ సూత్రమున మూలమనఁగా మొదలు, అనఁగా పెట్టుబడి. వస్త్రమును సిద్ధము చేయుటకై పెట్టిన సొమ్ము మూలము. దానిని మించి లాభముతోఁ గూడ రాఁదగినది మూల్యము. మూలముతో సమానమైనదియు మూల్యమే యని యదే సూత్రము చెప్పుచున్నది. కాశికావృత్తికారు లీ రెండర్థములను వస్త్రదృష్టాంతముతోనే వివరించిరి. ఏ యర్థమునఁ జూచినను మూల్యము తనంతఁ దాను నిలుచునది కాదు. వేరు లేని పెసరచెట్టు లేనట్లే మూలము లేని మూల్యము లేదు. అది యెప్పుడును రెండవదానితో ముడివడి యుండును.

మన తెలుఁగు మాటలును ఇట్టివే. విలుచుట యనఁగా కొనుట. విలువ దానినుండి వచ్చినది. అరవమున విల్ అను నదే ధాతువునకు అమ్ముట యని యర్థము. వెలను వారు విలై యందురు, కన్నడులు బెలె యందురు. ఒకే ధాతువు ఒక భాషయందు అమ్మువాని పక్షమునను, ఒక భాషయందు కొనువాని పక్షమునను నిలిచినది. ఇరువురు నెదురుపడిన సంతలోనే గాని వెల పుట్టదని యీ భాషలు సాక్ష్యమిచ్చుచున్నవి.

అర్ఘశబ్దము కొంత విలక్షణము. దీనికి అమరసింహుఁడు నానార్థవర్గమున రెండర్థములు చెప్పెను. ఒకటి వెల, రెండవది పూజావిధి. సంతకును సన్నిధికిని ఒకే మాట చెల్లుట యాకస్మికమని తోఁపదు. దేనినైనను ఎంతటిదని యెంచి దానికిఁ దగినది యర్పించుట రెండింటికిని సమానము. అయితే సంతలో నిచ్చినదానికి బదులు పుచ్చుకొందుము. పూజలో నర్పించినదానిని మరల నడుగము.

ఇఁక పరతోమూల్యమును దాఁటిన విలువను జెప్పవలసి వచ్చినప్పుడు మన భాషలేమి చేసినవి? అమూల్యమనినవి, అనర్ఘమనినవి, వెలలేనిదనినవి. అన్నియు నిషేధరూపములే. వ్యుత్పత్తిమాత్రముచేఁ జూచినచో వెలలేనిదనఁగా పనికిమాలినదని యర్థము రావలెను. లోకవ్యవహారమున నట్లు రాక, వెలలన్నింటికిని మీఁదిదని యర్థము వచ్చినది. నఞర్థము లాఱని వైయాకరణులు చెప్పుదురు. అమూల్యమను నెడ నభావార్థము పొసఁగదు, తదన్యత్వమే పొసఁగును. అనఁగా అమూల్యము వెల సున్నయైనది కాదు, వెలలకొలమానమునకు వేఱైన జాతికిఁ జెందినది. ఎంత పెద్ద వెలయు అమూల్యము కాఁజాలదు. వెలను పెంచుకొని పోయినచో మఱింత వెల వచ్చును గాని అమూల్యత రాదు.

వ్యాకరణమున నీ విషయమునకు మఱింత దగ్గఱి స్థలమొకటి కలదు. కారకప్రకరణమునఁ బాణిని రెండు తమప్ప్రత్యయాంతములను వాడెను. కర్త తన క్రియచే నేది పొందఁగోరునో ఆ ఈప్సితతమము కర్మ. క్రియ నెరవేఱుట కేది మిక్కిలి యుపకరించునో ఆ సాధకతమము కరణము. లోకమునందలి విలువలన్నియు ఈ రెండు తెగలలో నిమిడిపోవును. స్వతోమూల్యము గలది యెప్పటికిని ఈప్సితతమమే కావలెను. వెల గలది యెప్పుడును సాధకతమమే.

ఒకే వస్తువు రెండు కారకములను బొందుటయుఁ గలదు. రాజమహేంద్రవరము చెంత గోదావరినే చూతము. 1847లో ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని నారంభింపఁగా 1852 నాఁటికి అది ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా నాయానకట్ట నిలిచినది. కరవులచే క్షీణించిన మండలము దానివలనఁ గోలుకొన్నది. ఆ పనిని మంజూరు చేయించుటకై దొరతనమువారికిఁ జూపఁబడిన కారణములలో ముఖ్యమైనది పన్ను రాఁబడి. ఆ లెక్కలో గోదావరి కరణము. పంట, శిస్తు కర్మలు. అదే నదికి పండ్రెండేండ్ల కొకసారి పుష్కరము వచ్చును. 2003లోను, 2015లోను లక్షలకొలఁది జనులు అవే యొడ్డులకు వచ్చి మునిఁగిరి. వారికి నది కర్మ. అనఁగా వారు పొందఁగోరినది నదినే. నీరొక్కటే, కారకము వేఱు. కాఁబట్టి కారకములు వక్త వివక్ష ననుసరించి యుండునని శాబ్దికులు చెప్పినట్లు విలువయు వివక్షాధీనమే యని యెవరైన నందురేని, ఆ మాట కుత్తరము ముందు చెప్పెదము. పుష్కరస్నానమును పుణ్యము కొఱకే కదా చేయుచున్నారను నాక్షేపమును గూడ దీపశాసనముల సందర్భముననే విచారింతము.

దీపశాసనములు

రామచంద్రపురమునకు సమీపముననున్న దాక్షారామము (నేఁటి ద్రాక్షారామము) పంచారామములలో నొకటి. అచ్చటి భీమేశ్వరాలయమును తూర్పు చాళుక్యులలో మొదటి చాళుక్యభీముఁడు (892–922) కట్టించెనని ప్రసిద్ధి. ఆ యాలయపు గోడలమీఁదను, స్తంభములమీఁదను వందలకొలఁది శాసనములు కలవు. వానిలోఁ బెక్కింటిని 1923లో ప్రకటితమైన దక్షిణ హిందూదేశ శాసనముల నాల్గవ సంపుటమునఁ జూడనగును. రాజరాజనరేంద్రుని కుమారుఁడై 1070లో చోళసింహాసన మెక్కిన కులోత్తుంగుని కాలమునుండి ఈ శాసనములు విరివిగాఁ గానవచ్చుచున్నవి.

వీనిలో నధికభాగము అఖండదీపదానములు. దాత భీమేశ్వరునకు రేయుంబవలు వెలుఁగు నఖండవర్తి దీపమును బెట్టును. దానికై ఇనుపయెడ్లు ఏఁబది యనునది తఱచుగాఁ గానవచ్చు లెక్క. ఇనుపయెడ్లనఁగా పాలిచ్చు గొఱ్ఱెల, మేఁకల మందయని పరిశోధకుల తలంపు. కొన్నియెడల ఆవులను, కొన్నియెడల మాడలను ఇచ్చుటయుఁ గలదు. ఆ మందను ఒక బోయ చేకొని, ప్రతిదినమును మానెడు నేయి దీపమునకుఁ బోయవలెను. వాని తరువాత వాని కొడుకులు, మనుమలు ఆచంద్రార్కముగ నట్లే చేయవలెను.

ఈ యేర్పాటునఁ గల పదార్థములను వరుసగాఁ బేర్చి చూడుఁడు. మంద పాలకొఱకు. పాలు నేతికొఱకు. నేయి దీపముకొఱకు. బోయ కాఁపుదల మందకొఱకు. శాసనము ఈ కట్టుబాటు చెడకుండుటకొఱకు. ప్రతియొకటియు రెండవదానికై యున్నది. మీమాంసకుల పరిభాషలో నివి శేషములు; పరార్థమైనది శేషము, ఎవనికొఱకో వాఁడు శేషి. అయితే ఈ శేషపరంపర యెచ్చట నాఁగినది? ఎచ్చటను ఆఁగకున్నచో మొదటి గొఱ్ఱెకుఁ గూడ విలువ లేకపోవును. అప్పు తీర్చుటకు అప్పు, ఆ యప్పు తీర్చుటకు మఱియొక యప్పు చేయువాఁడు ఎన్నఁడును ధనవంతుఁడు కానట్లు, పరతోమూల్యములు ఎన్ని కూర్చినను వానిలో నొక్కటియైన స్వతోమూల్యము లేనిదే వరుసయంతయు శూన్యమగును. ఇది యుక్తి.

దీపమున నాఁగినదందమా? దాతలు తమకును తమ తల్లిదండ్రులకును పుణ్యముగ నను మాటను శాసనములలోఁ జెక్కించిరి. అంతట దీపమును పుణ్యమునకు సాధనమయ్యెను. పుణ్యము సుఖమునకు సాధనము. సుఖ మెవనికి? కర్తకో, వాని తల్లిదండ్రులకో. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుఁడు మైత్రేయికిఁ జేసిన బోధ యిచ్చటనే తుదముట్టును: పతి గాని, సంతతి గాని, విత్తము గాని తమకొఱకుఁ గాక ఆత్మకొఱకే ప్రియములని యా ఋషి యభిప్రాయము. పుష్కరస్నానమునకును ఇదే గతి.

జైమిని యింకొక యడుగు వేసెను. ద్రవ్యము, గుణము, సంస్కారము ఈ మూఁడే శేషములని బాదరి మతము. జైమిని కర్మయు, ఫలమును, పురుషుఁడును గూడ శేషములే యనెను. కర్మ ఫలముకొఱకు, ఫలము పురుషునికొఱకు, పురుషుఁడు కర్మకొఱకు. వరుస చుట్టి వచ్చి మొదటికే చేరినది. ఇది చక్రకదోషము కాదు. పురుషుఁడు కర్తగా నున్నప్పుడు శేషము, భోక్తగా నున్నప్పుడు శేషి. ఒక్కఁడే రెండు తెఱఁగుల నుండును. ఈ భేదమును మఱచిన యెడల లోకమున మనుష్యుని వట్టి పనిముట్టుగాఁ జూచుట వచ్చును. దీనిని మరలఁ బ్రస్తావింతము.

శాసనములలో గమనింపవలసిన ముఖ్యాంశము మఱియొకటి. గొఱ్ఱెలు చచ్చును, ముదియును. దీపము మాత్రము ఆఱరాదు. చోళదేశమునందలి అరవ శాసనములలో నొక దీపమునకు తొంబది గాని తొంబదియాఱు గాని గొఱ్ఱెల నిచ్చునపుడు వానిని చావనివి, ముదియనివి యని పేర్కొనుట యలవాటు. ఏ గొఱ్ఱెయు నట్టిది కాదు. చచ్చినదాని స్థానమున పిల్ల పెరిగి లెక్క నిలుపవలెనని దాని భావము. ఆ వ్యవహారమున గొఱ్ఱెకు ప్రత్యేకత లేదు, లెక్కకే ప్రత్యేకత. ఏ గొఱ్ఱె స్థానమునైనను మఱియొక గొఱ్ఱె పూరింపవచ్చును. దీపమునకు మాత్రము అట్టి మాఱు లేదు. దీపమునకు బదులు ఫలపుష్పాదులు పెట్టుదునని బోయ యనుటకు వీలులేదు.

దీనికి మీమాంసయందు ప్రతినిధిన్యాయమని పేరు. యాగమున వ్రీహులు దొరకనప్పుడు నీవారములను గ్రహింపవచ్చును. కాని దేవతకును, అగ్నికిని, మంత్రమునకును, క్రియకును ప్రతినిధి లేదు. ఫలము పొందవలసిన యజమానునకును ప్రతినిధి లేదు. ఒకని యాఁకలిని మఱియొకఁడు తీర్చుకొనఁజాలఁడు గదా. కాఁబట్టి సాధనమునకు లక్షణము ప్రతినిధి కలుగుట. తుది ప్రయోజనమునకు గుర్తు ప్రతినిధి లేకుండుట. శబ్దవిచారమున అమూల్యమను నిషేధరూపముచేఁ జెప్పఁబడినదే యిచ్చట న్యాయరూపమునఁ గానవచ్చినది.

జర్మను దార్శనికుఁడు కాంటు 1785లో ప్రకటించిన నీతిగ్రంథమున ఇట్టి విభాగమునే చేసెను. ఆయన మతమున వెల గల దానికి సమానమైనది మఱియొకటి దానిస్థానమున నిలుపవచ్చును; వెలకు మీఁదిదగు గౌరవము గలదానికి సమానము లేదు. అట్టి గౌరవము వివేకము గల జీవునిదే యని యాయన నిర్ణయము. మన మీమాంసకులు యాగసామగ్రినుండి బయలుదేఱి యజమానునియొద్ద చేరిరి. ఆయన కర్తవ్యబుద్ధినుండి బయలుదేఱి యంచుమించుగ నచ్చటికే చేరెను.

పూర్వపక్షములు

మొదటి పూర్వపక్షము లౌకికులది. బంగారమే స్వతోమూల్యమని వారందురు. రాజరాజనరేంద్రుని యొక్కయు, ఆయన పెదతండ్రియగు శక్తివర్మ యొక్కయు వరాహలాంఛనము గల బంగారు నాణెములు అరకాను తీరమున చెదుబా దీవియందును, సయాము దేశమునందును దొరకినవి. వేంగిరాజుల యాజ్ఞ చెల్లని దేశములందును వారి బంగారము చెల్లినదని దీనిఁ జూపి యనవచ్చును. కాని యచ్చటివారు దానిని గ్రహించుటకుఁ గారణమేమి? దానిని తమయొద్దనుండి మఱియొకఁడు గ్రహించునను నమ్మకమే. దాక్షారామమున దీపమున కిచ్చిన మాడ గొఱ్ఱెలై, నేయియై కఱగిపోవలసినదే. బంగార మెన్నింటికో సాధనమగుట నిజము. సాధనములలో నదియే సాధకతమము కావచ్చును. ఎన్నింటికి సాధనమైనను సాధనము సాధ్యము కాదు.

రెండవ పూర్వపక్షము గంభీరమైనది, అది బౌద్ధులది. కామవరపుకోట దాపున గుంటుపల్లి కొండలలో చైత్యములు తొలిచినవారు గోదావరీ ప్రాంతీయులే. చీనాయాత్రికుఁడగు హ్యూయన్‌త్సాంగు 639 ప్రాంతమున ఆంధ్రదేశమునకు వచ్చి, రాజధానికి సమీపమున నొక కొండయందు దిఙ్నాగుఁడు నివసించి హేతువిద్యాగ్రంథము రచించెనని వ్రాసికొనెను. ఆ రాజధాని వేంగియని, అనఁగా ఏలూరు సమీపమునఁగల పెదవేగి యని, పండితులు గుర్తించిరి. దిఙ్నాగుని మతమున శబ్దము వస్తుస్వరూపమును నేరుగఁ జెప్పదు. దానికంటె నితరములైనవానిని తొలఁగించి మాత్రమే చెప్పును. ఈ యపోహవాదమునుబట్టి అమూల్యమను మాటకు వెలగల వస్తువులను తొలఁగించుటయే పని. దాని వెనుక నొక భావపదార్థ మున్నదనుట భ్రమ యగును. నాగార్జునుఁ డంతకుముందే సర్వము నిస్స్వభావమని స్థాపించెను. ప్రతివస్తువును మఱియొకదానిని బట్టి పుట్టునదే. తనదగు స్వభావ మేదియు లేదు. స్వభావమే లేని దానియందు స్వతోమూల్యమెక్కడిది?

దీనికి సమాధానము. నిషేధరూపమైన పదము నిషేధమాత్రమునే చెప్పునను నియమము లేదు. అఖండమను మాటయు నిషేధరూపమే. దాక్షారామమునందలి దీపము మాత్రము వెలుఁగుచునే యుండెను. మఱియు, వస్తువు పరహేతువుచేఁ బుట్టుట వేఱు, పరప్రయోజనముకొఱకు నుండుట వేఱు. దీపము నేతివలనఁ బుట్టినది. అంతమాత్రమున నేతికొఱకుఁ బుట్టలేదు. బిడ్డ తలిదండ్రులవలనఁ బుట్టినంతమాత్రమున వారి యుపయోగముకొఱకే యుండవలెనని చెప్పరాదు. ప్రతీత్యసముత్పాదము ఉత్పత్తినిఁ గూర్చిన సిద్ధాంతము. దానివలన ప్రయోజనవిషయమున నేమియు తేలదు. సర్వము శూన్యమని చెప్పిన మహాయానాచార్యులే సర్వభూతములయెడ కరుణను విధించిరి. దుఃఖించువాని దుఃఖము పరిహరింపఁదగినదని వారు నిష్ప్రమాణముగనే గ్రహించిరి. స్వభావము నంగీకరింపని వారును దుఃఖపరిహారము నంగీకరింపక తప్పినది కాదు.

మూఁడవ పూర్వపక్షము పైన సూచింపఁబడినది. విలువ వివక్షాధీనము, కాలమునుబట్టి మాఱును, కాఁబట్టి చూచువాని యిష్టమే విలువ యని దాని సారము. అమరావతి స్తూపమును దీనికి సాక్ష్యముగాఁ జూపవచ్చును. పదునెనిమిదవ శతాబ్ది తుదిని వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడుగారు అచ్చట క్రొత్త పట్టణము నిర్మింపఁజొచ్చినప్పుడు పనివాండ్రు స్తూపమునందలి యిటుకలను, పాలఱాతి పలకలను గొనిపోయిరి. చెక్కడములు గల పలకలు పెక్కు సున్నమునకై కాల్పఁబడినవి. కాలిన్ మెకంజీ దొర వచ్చి కొన్నింటిని గుర్తించెను. 1816లో మరల వచ్చి పటములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియట్టు దొర త్రవ్వించి తీసిన పలకలు పిదప లండనునకుఁ జేరినవి. చెన్నపట్టణపు మ్యూజియమునను అమరావతి పలకలు కలవు. నాఁడు సున్నముపాటి విలువ గలవి నేఁడమూల్యములైనవి. చూచువారు మాఱుటచేతనే విలువ మాఱినదని పూర్వపక్షి.

ఇచ్చట నొక ప్రశ్న వేయవలెను. పలక కాలుచుండఁగా నష్టమేదైనఁ గలిగినదా, లేదా? విలువ చూచువాని యిష్టమే యైనచో, ఆ దినమున నష్టమేమియుఁ గలుగలేదు. సున్నము దొరకుటచే లాభమే కలిగినది. ఎవరును కోరనిది పోయిన నష్టమేమి? కాని మన మట్లనము. ఎఱుఁగక పోఁగొట్టుకొనిరని యందుము. ఎఱుఁగక పోఁగొట్టుకొనుట యను మాటకు అర్థముండవలెనన్నచో, ఎఱుఁగకమునుపే విలువ యున్నదని యొప్పుకొనవలెను. కన్నులు తెఱచినవాఁడు సూర్యుని గాంచును గాని సృజింపఁడు. పాణినియు కర్మసంజ్ఞను ఈప్సితమునకే పరిమితము చేయక, ఈప్సితము కానిదానికిని వేఱొక సూత్రముచేఁ జెప్పెను. ఊరికిఁ బోవుచు దారిలో గడ్డిని త్రొక్కినవాఁడు గడ్డిని కోరలేదు. అయినను గడ్డి త్రొక్కుడు పడినది. మన కోరికకు వెలుపలనున్న వస్తువుపైఁ గూడ మన క్రియ పడుచునే యుండును.

సిద్ధాంతము

ఇంతవఱకు తేలినవి రెండు. శేషపరంపర యెచ్చటనో ఆఁగవలెను. అది యాఁగుచోటును మన యభిప్రాయము నిర్మింపదు, గుర్తించును. ఇఁక ఆ చోటేది?

చేతనుఁడగు భోక్తయందు అది యాఁగుననుటలో సందేహము లేదు. వానికి ప్రతినిధి లేఁడు. అచేతనవస్తువుల విషయమున నిర్ణయ మంత సులభము కాదు. ఆంగ్లదార్శనికుఁడు మూరు 1903లో ప్రకటించిన నీతిశాస్త్రగ్రంథమున ఒక ఊహను జేసెను. ఒకటి సుందరము, ఒకటి వికృతము అగు రెండు లోకములున్నవనియు, రెండింటిని జూచువాఁ డెప్పటికిని లేఁడనియు ననుకొందము. అప్పుడును సుందరలోక ముండుటయే మేలని యాయన తలంపు. దాక్షారామపు దాతల మాట కొంత దీనికి దగ్గఱగా నున్నది. గుడి తలుపులు మూసిన పిదప దీపము నెవ్వరును జూడరు. దీపము చూచుటకొఱకే యైనచో రాత్రివేళ ఆర్పి నేయి మిగుల్చుకొనవచ్చును. దాత లట్లంగీకరింపలేదు. చూచువాఁడు లేనివేళను వెలుఁగవలెననియే మానెడు నేయి యేర్పఱచిరి. భీమేశ్వరుఁడు చూచుచున్నాఁడని వారి విశ్వాసమనుట నిజమే. కావున వారిని మూరుగారి పక్షమున సాక్షులుగా నిలువఁబెట్టఁజాలము. మనుష్యుల ప్రయోజనమే దీపమునకు హద్దు కాదని వారు తలఁచిరని మాత్రము చెప్పఁదగును. అచేతనముల స్వతోమూల్యమునకు నా దృష్టిలో నింతవఱకే ప్రమాణము. ఇంతకు మించి సాధింపఁబూనుట సాహసము.

చేతనుల విషయమున శాసనములే యొక లోపమును జూపుచున్నవి. దాత పేరు, బిరుదములు, వంశము విస్తరముగా నుండును. దాన మేపుణ్యముకొఱకో యుండును. దీపము వెలుఁగుట కాధారమైన బోయ యొక్క పేరును, కొన్నియెడల వాని తండ్రి పేరును మాత్ర ముండును. వానికేమి కోరిక యుండెనో, వాని ఫలమేమో యుండదు. జైమిని మాటలలోఁ జెప్పినచో, శాసనము వానిని కర్తగా, అనఁగా శేషముగా మాత్రమే వ్రాసినది. వాఁడు భోక్తయు నగును. చచ్చిన గొఱ్ఱెకు బదులు పిల్ల వచ్చినట్లు, బోయ పోయిన పిదప వాని కొడుకు వచ్చునని శాసనము తలఁచినది. కాఁపుదలకు ప్రతినిధి కలఁడు, నిజము. ఆ బోయకు ప్రతినిధి లేఁడు. అయినను వాని పేరు చెక్కఁబడినది. గొఱ్ఱెలకు లెక్కయే గాని పేళ్లు లేవు. పేరు చెక్కించిన లేఖకుఁడు తెలిసియో తెలియకయో వానిని లెక్కనుండి వేఱుచేసెను.

1053 ప్రాంతమున రాజరాజనరేంద్రుఁడు రెండేఱులనడిమి విషయమునందలి నందంపూఁడిని నారాయణభట్టున కగ్రహారముగ నిచ్చెను. ఆ శాసనమును రచించినవాఁడు నన్నయభట్టు. అచ్చట ప్రతిగ్రహీత గుణగణములు, బహుభాషాపాండిత్యము సవిస్తరముగఁ గీర్తింపఁబడినవి. గ్రామము పాండిత్యమునకు వెల యని యెవ్వరు ననరు. అది దానము, గ్రామ మెంతటిదైనను పాండిత్యముతో సరితూఁగినదని శాసనమనదు. భాషలెఱిఁగిన విద్వాంసునకు దక్కిన యీ దృష్టి పశులఁ గాచిన బోయకు దక్కలేదు. దక్కకపోవుటచే వాని విలువ తగ్గలేదు. పలక నెఱుఁగనివారు కాల్చుటచే పలక విలువ తగ్గనట్లే.

ఈ విచారమువలన పరిశోధకులకుఁ గలుగు ఫలమును జెప్పి ముగింతును. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు తొమ్మిదివందల యేండ్లు నిండిన 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి యేర్పడినది. భావరాజు వేంకటకృష్ణారావుగారు మొదలగువారు పడిన శ్రమచే వేంగీరాజుల కాలక్రమము చాలవఱకు తేటపడినది. ఆ పనిలో శాసనములు సాధకతమములు. శకవర్షము, రాజ్యసంవత్సరము, బిరుదము తీసికొన్న పిదప ఱాయి యెట్లయినను నేమియని తలఁచు నపాయము దీనియందే యున్నది. ప్రతిబింబము తీసికొన్నాము గదా యని, చదువఁబడిన శాసనములకు సున్నము పూయుటయు, చదువఁబడని ఱాతిని మెట్టుగాఁ బఱచుటయు దేశమున లేకపోలేదు. అక్షరములకు ప్రతిబింబము ప్రతినిధి కాఁగలదు. ఆ ఱాతిమీఁద, ఆ గుడిలో, ఆ దీపముచెంత ఒకని మాట నిలుపఁబడినదను సంగతికి ప్రతినిధి లేదు.

దీపములు పెక్కు ఆఱిపోయినవి. మందలు లేవు. ఆచంద్రార్కమను మాట ఱాతియందు మిగిలినది. ఱాతిని గాపాడుట మన చేతిలోని పని. అందుఁ జెక్కఁబడిన బోయల పేళ్లను రాజుల పేళ్లతోఁ బాటు సూచికలలోఁ జేర్చుటయు నట్టిదే. ఈ వ్యాసమునఁ జెప్పఁబడిన న్యాయమునందు దోషములున్నచో విద్వాంసులు విచారించి నిర్ణయింతురు గాక.